పుణ్యం, పురుషార్థం, ఒకటో తారీఖు జీతం

తిరుపతిలో ‘సేవ’ అనే మాటను మూడు రకాలుగా వాడతారు. భక్తుడు డబ్బు కట్టి టికెట్టు తీసుకుని పాల్గొనేది ఆర్జిత సేవ. సొంత ఖర్చులతో కొండకు వచ్చి, పైసా తీసుకోకుండా క్యూలైన్లలో నీళ్ళు అందించి, అన్నప్రసాదం వడ్డించి వెళ్ళేది శ్రీవారి సేవ. మూడోది నెల జీతానికి చేసే సేవ. పల్లెల్లో మహిళా సంఘాలు కూడగట్టేవాళ్ళు, బడి మానేసిన పిల్లల్ని వెతికి పట్టుకొచ్చేవాళ్ళు, కంటి శిబిరానికి అవ్వాతాతలను బండెక్కించేవాళ్ళు చేసేది ఇదే. మొదటి రెండింటి గురించి ఎవరికీ అనుమానాలుండవు. మూడోదాని దగ్గరే అందరికీ లెక్క తప్పుతుంది. జీతం తీసుకుంటే అది సేవెలా అవుతుందని కొందరు, సేవే అయితే జీతం పెంచమని అడగడమెందుకని మరికొందరు. సేవా జీతమూ ఒకచోట ఇమడవన్న ఒకే పొరపాటు నుంచి రెండు ప్రశ్నలూ పుట్టినవి.

శ్రీవారి సేవ 2000లో మొదలైంది. సేవకులు సాధారణంగా వారం రోజుల కోసం బృందాలుగా వస్తారు. పొద్దున తరిగిన కూరగాయలు మధ్యాహ్నానికి కూరై ఆకులో కనిపిస్తాయి. తిన్నవాడు ఎదుటే చేతులెత్తి గోవిందా అంటాడు. వారం గడిచాక సేవకుడు దర్శనం చేసుకుని, ఇంటికెళ్ళి తన ఉద్యోగమో వ్యవసాయమో తాను చూసుకుంటాడు. ఆ ఏడు రోజుల్లో అతనికి ఇంటద్దె గుర్తు రాదు, వచ్చే ఏడాది ఈ పని ఉంటుందా అన్న టెన్షన్ ఉండదు. స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగి పరిస్థితి అది కాదు. అతను చేసే పని ఫలితం మూడేళ్ళకో పదేళ్ళకో కనిపిస్తుంది, ఒక్కోసారి కనిపించకుండానే ప్రాజెక్టు ముగిసిపోతుంది. వారం రోజులు మనిషిని నడిపించే ఉత్సాహంతో ఇరవై ఏళ్ళ ఉద్యోగం నడవదు. సంస్థలు నడిపేవాళ్ళలో చాలామంది ఈ తేడాను పట్టించుకోరు. శ్రీవారి సేవకుడి మనసు ఉన్న మనిషి కావాలంటారు, గుమాస్తాలా ఏడాది పొడవునా పనిచేయాలంటారు.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. ఆంధ్రలో ‘ఎన్జీఓ’ అంటే పాతతరానికి గుర్తొచ్చేది స్వచ్ఛంద సంస్థ కాదు, నాన్ గెజిటెడ్ ఆఫీసర్. ఎన్జీఓ కాలనీలు, ఎన్జీఓ సంఘాలు ఊరూరా ఉన్నాయి. అబ్బాయి ఎన్జీఓలో చేస్తున్నాడంటే ‘ఏ డిపార్ట్‌మెంటు?’ అని అడిగే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కాదు, ట్రస్టులో అని చెప్పాక వాళ్ళ ముఖంలో వచ్చే మార్పు చూసినవాళ్ళకు, ఈ రంగంలో ఉద్యోగి మనసును ప్రభావితం చేసేది జీతం ఒక్కటే కాదని వేరే చెప్పనక్కర్లేదు. 2019లో నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో గ్రామ వాలంటీర్ల వ్యవస్థ వచ్చాక ‘వాలంటీర్’ అన్న మాట అర్థమూ మారిపోయింది. ఊరికే చేసేవాడని ఉన్న అర్థం పోయి, తక్కువ డబ్బుకు చేసేవాడని స్థిరపడింది.

లాభాపేక్ష లేని సంస్థ అంటే లాభం రాని సంస్థ అని కాదు. రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరైనా, ట్రస్టుగా పెట్టుకున్నా, 2013 కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద కంపెనీగా వచ్చినా మూలసూత్రం ఒకటే: మిగులు ఎంత వచ్చినా దాన్ని సంస్థ నడిపేవాళ్ళు పంచుకోకూడదు, తిరిగి ఆ పనికే పెట్టాలి. దాతలు నమ్మకంతో డబ్బివ్వడానికి ఈ ఆంక్షే కారణమని అమెరికన్ న్యాయశాస్త్ర పండితుడు హెన్రీ హాన్స్‌మన్ 1980లో వివరించాడు. ఉద్యోగి వైపు నుంచి చూస్తే దీనికి ఇంకో అర్థం ఉంది. కంపెనీలో ఎక్కువ పనిచేస్తే ఎవరో యజమాని జేబు నిండుతుంది. ఇక్కడ ఎక్కువ పనిచేస్తే అది ఊరికి చేరుతుందన్న భరోసా ఉంది. ఆ భరోసా ఉన్నంతకాలం మనిషి కాస్త తక్కువ జీతానికైనా మనసుపెట్టి చేస్తాడు. సంస్థ పేరుతో కొన్న కారు కార్యదర్శి ఇంట్లో పెళ్ళిళ్ళకు తిరగడం మొదలుపెట్టిందంటే మాత్రం, చట్టం ఏం చెప్పినా ఆ భరోసా పోయినట్టే.

జీతం తగ్గించుకుని మరీ ఇలాంటి పనికి వచ్చేవాళ్ళు ఉన్నారనడానికి సాక్ష్యం ఉంది. ప్రజాప్రయోజన కేసులు వాదించే అమెరికన్ న్యాయవాదులు, ప్రైవేటులో అలాంటి అర్హతలే ఉన్నవాళ్ళ కంటే సుమారు 20 శాతం తక్కువకే పనిచేస్తున్నారని ఆర్థికవేత్త బర్టన్ వైస్‌బ్రాడ్ 1983లో చూపించాడు. అయితే దాన్ని తెచ్చి చిత్తూరు పల్లెల మీద పెట్టడం కుదరదు. ఆ న్యాయవాదికి వేరే దారి ఉంది, దాన్ని వదులుకుని వచ్చాడు. పలమనేరు దగ్గరో పుంగనూరు దగ్గరో ఫీల్డ్ వర్కరుగా చేరిన డిగ్రీ అమ్మాయికి అంత ఎంపిక ఉండదు. ఇంటికి దగ్గర్లో దొరికిన ఉద్యోగం, సాయంత్రానికి ఇంటికి రావచ్చు, ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారు, అంతే. తిరుపతిలో ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సమాజ సేవలో పీజీ, చదివి కోరి వచ్చేవాళ్ళు కొందరు ఉంటారు. ఉద్యోగం కోసం వచ్చి, పనిలో పడ్డాక దాని మీద మనసు పెంచుకున్నవాళ్ళు వాళ్ళకంటే ఎక్కువ. దీన్ని ఒప్పుకోవడానికి చాలా సంస్థలకు నామోషీ. కానీ అసలు విషయం ఇక్కడే ఉంది. సేవాభావం అనేది ఉద్యోగి ఇంటి దగ్గర నుంచి క్యారేజీలో కట్టుకొచ్చే సరుకు కాదు. అది చాలావరకు పనిచేసే చోటే తయారవుతుంది, పనిచేసే చోటే చెడిపోతుంది.

కళ్ళకు కనిపించే ఫలితం

సేవాభావం పనిచోట ఎలా తయారవుతుందో చూపించే ప్రయోగం ఒకటి ఉంది. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి ఫోన్ల మీద విరాళాలు సేకరించే ఉద్యోగులను మనస్తత్వ పరిశోధకుడు ఆడమ్ గ్రాంట్ బృందం మూడు గుంపులుగా చేసింది. ఒక గుంపుకు, ఆ విరాళాలతో స్కాలర్‌షిప్ పొందిన విద్యార్థిని నేరుగా కలిసి మాట్లాడే అవకాశం ఇచ్చారు. కలిసింది ఐదు నిమిషాలే. ఇంకో గుంపుకు అలాంటి విద్యార్థి రాసిన ఉత్తరం మాత్రం చదివించారు. మూడోదాన్ని దాని మానాన వదిలేశారు. నెల తర్వాత చూస్తే, విద్యార్థిని కలిసినవాళ్ళు ఫోన్ మీద గడిపిన సమయం 142 శాతం పెరిగింది, తెచ్చిన విరాళం 171 శాతం పెరిగింది. మిగతా రెండు గుంపుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. 2007లో వచ్చిన ఈ ఫలితాల్లో జీతం ఊసే లేదు, ఉపన్యాసమూ లేదు. ఉత్తరం చదివినవాళ్ళలో ఏ మార్పూ రాకపోవడాన్ని మాత్రం సంస్థల వార్షిక నివేదికలు రాసేవాళ్ళు గమనించాలి.

మన వైపే దీనికి పాత ఉదాహరణ ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం 1915లో మొదలైంది. క్షయను నయం చేసే తొలి మందు స్ట్రెప్టోమైసిన్‌ను కనిపెట్టింది 1943లో. అంటే దాదాపు ముప్పై ఏళ్ళపాటు అక్కడి నర్సులు, సిబ్బంది సరైన మందు లేని, తమకూ అంటుకోగల జబ్బు మధ్య పనిచేశారు. ఎంతోమంది రోగులు కళ్ళముందే పోయేవాళ్ళు. అలాంటి చోట మనిషి పనికి రావడానికి ఏది ఆధారమవుతుంది? మిషన్ సంస్థ కాబట్టి భక్తి అనేది ఒక జవాబు, అది నిజమే కూడా. కానీ ఆ కాలపు శానిటోరియాల్లో చేసే పని తీరు కూడా చూడాలి. విశ్రాంతి, గాలి, తిండి, జ్వరం లెక్క, బరువు లెక్క. జబ్బు నయమవుతుందో లేదో తెలియకపోయినా, రోగి పోయిన నెల కంటే ఒళ్ళు చేశాడన్నది నర్సుకు తెలిసేది. పెద్ద ఫలితం చేతిలో లేనప్పుడు చిన్న ఫలితాలు మనిషిని నిలబెడతాయి.

అదే మదనపల్లె ప్రాంతంలో రిషీవ్యాలీ విద్యా వనరుల కేంద్రం చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం ఒక బోధనా పద్ధతిని తయారుచేసింది. ఒకే గదిలో రకరకాల వయసుల పిల్లలు, ఒకే టీచరు. పాఠాలను చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, వాటి క్రమాన్ని గోడ మీద నిచ్చెనలా గీసి పెడతారు. ప్రతి పిల్లా తాను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని తన కార్డు తాను తీసుకుంటుంది. ఆ పద్ధతి తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడుల దాకా వెళ్ళింది. దాన్ని పిల్లల చదువు కోసం చేసిన ఏర్పాటుగానే అందరూ చెబుతారు. ఉద్యోగి ఉత్సాహం వైపు నుంచి చూస్తే అందులో ఇంకో సంగతి ఉంది. ఆ నిచ్చెన పిల్లలకెంత ఉపయోగమో టీచరుకూ అంతే ఉపయోగం. పోయిన వారం ‘అ’ దగ్గర ఆగిపోయిన పిల్లవాడు ఈ వారం నాలుగు మెట్లు పైకి పోయాడని టీచరు ఎవరూ చెప్పకుండానే చూడగలదు. సంవత్సరాంతపు సర్వే దాకా ఆగక్కర్లేదు.

కుప్పం దగ్గర గుడివంక క్యాంపస్ నుంచి పనిచేసే అగస్త్య ఫౌండేషన్‌ది వేరే అనుభవం. 1999లో మొదలైన ఈ సంస్థ సైన్సు ప్రయోగ సామగ్రిని వ్యాన్లలో ప్రభుత్వ బడులకు తీసుకెళుతుంది. బోధించేవాళ్ళను ‘ఇగ్నేటర్’ అనే కొత్త పేరుతో పిలుస్తుంది. పేరు మారిస్తే ఏమొస్తుందని నవ్వేవాళ్ళు ఉంటారు. కానీ ‘వ్యాన్‌లో వచ్చే సారు’ అనిపించుకోవడానికీ, పిల్లల్లో కుతూహలం రగిలించేవాడని పిలిపించుకోవడానికీ తేడా ఉంది. బడిలో ప్రయోగం చేసి చూపించినప్పుడు పిల్లల కళ్ళలో వచ్చే ఆశ్చర్యం అప్పటికప్పుడు దక్కుతుంది. చిక్కేమిటంటే మర్నాడు ఇంకో ఊరు. నిన్న ఆశ్చర్యపోయిన పిల్ల తర్వాత సైన్సు చదివిందా లేదా అన్నది వ్యాన్‌లో వెళ్ళినవాడికి తెలిసే దారి ఉండదు. ఊరూరా తిరిగే ఏ ఉద్యోగంలోనైనా ఈ వెలితి తప్పదు.

పనిలో నైపుణ్యం పెరగడం కూడా మనిషిని కట్టిపడేస్తుంది. అరవింద్ కంటి ఆస్పత్రి తిరుపతికి వచ్చింది ఈమధ్యనే గానీ, 1976లో మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి మొదలుపెట్టిన ఆ సంస్థ పద్ధతి పాతది. అక్కడ ఒక్కో సర్జను ఏడాదికి 2,000 దాకా శుక్లాల ఆపరేషన్లు చేస్తాడని చెబుతారు. సాధారణంగా ఒక సర్జను చేసేదానికి ఇది ఎన్నో రెట్లు. పల్లెల నుంచి వచ్చిన ఇంటర్ చదివిన అమ్మాయిలకు రెండేళ్ళు శిక్షణ ఇచ్చి, కంటి పరీక్షల నుంచి ఆపరేషన్ థియేటర్ సాయం దాకా వాళ్ళతోనే చేయిస్తారు. ప్రైవేటు ఆస్పత్రుల్లో కుర్ర డాక్టరు ఎన్నేళ్ళకు సంపాదించే చేయితిరుగుడో అక్కడ కొద్దికాలంలోనే దొరుకుతుంది. డబ్బు కట్టే రోగుల నుంచి వచ్చినదానితో ఉచిత రోగులకు చేయడం వల్ల, జీతాల కోసం ప్రతి ఏడాదీ దాత ముఖం చూడాల్సిన అవసరమూ తక్కువ. పని నేర్చుకోవడం, దాని ఫలితం కట్టు విప్పిన రోజే కనిపించడం, జీతం ఆగకపోవడం: ఈ మూడూ ఒకేచోట కలిసే సంస్థలు చాలా తక్కువ.

జీతం సంగతి

జీతం గురించి ఈ రంగంలో రెండు అబద్ధాలు చలామణిలో ఉన్నాయి. డబ్బు ముఖ్యం కాదన్నది ఒకటి. డబ్బు పెంచితే అన్నీ సర్దుకుంటాయన్నది రెండోది.

అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లోనే ఒక సంగతి చెప్పాడు. పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లు, అకౌంటెంట్లతో మాట్లాడి అతను తేల్చిందేమిటంటే, జీతం, పని పరిస్థితులు సరిగా లేకపోతే మనిషి చికాకు పడతాడు. అవి సరిగా ఉన్నంత మాత్రాన ఉత్సాహం రాదు. ఉత్సాహం పనిలోంచి, గుర్తింపులోంచి, బాధ్యతలోంచి వస్తుంది. కూరలో ఉప్పు లాంటిదన్నమాట జీతం. చాలినంత ఉంటే దాని గురించి ఎవరూ మాట్లాడరు, తగ్గితే ఇంకే రుచీ తెలియదు.

కొద్దిపాటి డబ్బు ఎలా బెడిసికొడుతుందో చూపించే ప్రయోగం ఇంకా ఆసక్తికరం. ఇజ్రాయెల్‌లో యూరీ గ్నీజీ, ఆల్డో రుస్టిచీని అనే పరిశోధకులు హైస్కూలు పిల్లలను ఇంటింటికీ చందాల కోసం పంపారు. ఒక గుంపుకు ఈ పని ఎంత మంచిదో చెప్పి పంపారు. రెండో గుంపుకు వసూలైనదాంట్లో 1 శాతం ఇస్తామన్నారు. మూడోదానికి 10 శాతం. ఈ కమీషన్ చందాల్లోంచి కాదు, పరిశోధకుల సొంత నిధుల్లోంచే. ఎక్కువ వసూలు చేసింది పైసా ఆశించని గుంపు. తర్వాతి స్థానం 10 శాతం గుంపుది. అందరికన్నా వెనకబడింది 1 శాతం గుంపు. ఈ ఫలితం 2000లో వచ్చింది. డబ్బు మాట తెచ్చాక మనిషి లెక్క వేయడం మొదలుపెడతాడు, లెక్క వేస్తే ఒక్క శాతం మరీ చిన్నచూపుగా కనిపిస్తుంది. సంఘానికింత, ఫారానికింత, శిబిరానికి తెచ్చిన ఒక్కో మనిషికింత అని చిల్లర పారితోషికాలు పెట్టే సంస్థలు చేస్తున్నది అచ్చంగా ఇదే. ఉన్న ఉత్సాహం పోయి, దాని బదులు టార్గెట్ పూర్తిచేసే తెలివి వస్తుంది. ఒకే అవ్వ మూడు శిబిరాల రిజిస్టర్లలో కనిపించడం అలా మొదలవుతుంది.

జాంబియా రాజధాని లుసాకాలో సెలూన్లవాళ్ళతో మహిళల కండోమ్‌లు అమ్మించిన ప్రయోగం దీనికి రెండో వైపు. అమ్మినదానికి కమీషన్ ఇచ్చినవాళ్ళ కంటే, ఒక్కో అమ్మకానికి గోడ మీది చార్టులో ఒక నక్షత్రం వేసినవాళ్ళు ఎక్కువ అమ్మారు. ఏమీ ఇవ్వనివాళ్ళతో పోలిస్తే రెట్టింపు. నక్షత్రం విలువ కాగితమంతే. కానీ సెలూన్‌కు వచ్చే ప్రతి మనిషికీ అది కనిపిస్తుంది.

అలాగని జీతం, ప్రమోషన్ అడిగేవాడికి సేవాభావం ఉండదని తేల్చేయడం ఇంకా పెద్ద పొరపాటు. అదే జాంబియాలో ప్రభుత్వం కొత్తగా ఆరోగ్య కార్యకర్తలను తీసుకున్నప్పుడు కొన్ని జిల్లాల్లో ‘మీ ఊరికి సేవ చేయండి’ అని, కొన్ని జిల్లాల్లో ‘ఇందులో మీకు భవిష్యత్తు ఉంది’ అని పోస్టర్లు వేశారు. భవిష్యత్తు చూసుకుని వచ్చినవాళ్ళు ఇళ్ళకు వెళ్ళి చూసిన సందర్భాలు 29 శాతం ఎక్కువని తేలింది. ఇంటర్వ్యూలో జీతమెంత అని అడిగిన కుర్రాడిని ‘ఇతనికి డబ్బు మీదే ధ్యాస’ అని పక్కనపెట్టే కమిటీలు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది. పుణ్యమూ పురుషార్థమూ రెండూ కావాలనుకోవడం మన దగ్గర ఏనాడూ తప్పు కాలేదు.

నిజానికి ఈ ప్రాంతపు సంస్థల్లో జీతం తక్కువన్న బాధ కంటే, అది ఎప్పుడొస్తుందో తెలియకపోవడం వల్ల కలిగే బాధ పెద్దది. ప్రాజెక్టు డబ్బు విడతలుగా వస్తుంది. మొదటి విడత ఖర్చుకు యూసీ, అంటే డబ్బు దేనికి వాడారో చెప్పే పత్రం, పంపితే గానీ రెండో విడత రాదు. దాత ఆఫీసులో ఒక ప్రశ్న లేవనెత్తితే రెండు నెలలు ఆలస్యం. ఆ రెండు నెలలూ ఊళ్ళో సంఘాల మీటింగులు ఆగవు, పెట్రోలు ఆగదు, టీఏ బిల్లు మాత్రం ఆగుతుంది. పొదుపు ఎలా చేయాలో, వడ్డీ వ్యాపారి దగ్గరికి ఎందుకు పోకూడదో సంఘాల్లో చెప్పే మనిషి, ఆ నెల గడవడానికి తానే చేబదులు కోసం తిరగాల్సి వస్తుంది. ఇంత వెక్కిరింపు ఇంకో ఉద్యోగంలో కనపడదు. అటు సత్యవేడు వైపు శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పని కష్టమైనదే, కాళ్ళు నొప్పులు పుట్టేదే. కానీ బస్సు టైముకు వస్తుంది, జీతం తారీఖుకు పడుతుంది. ఆ బస్సెక్కిన ఫీల్డ్ వర్కరుకు సేవాభావం తగ్గిందని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు.

ప్రాజెక్టు కాలం ఇంకో చిక్కు. ఉద్యోగం వదిలేటప్పుడు చేతికొచ్చే గ్రాట్యుటీకి 1972 నాటి చట్టం 5 ఏళ్ళ సర్వీసు అడిగింది. ప్రాజెక్టు కాంట్రాక్టులు మూడేళ్ళకు మించి ఉండటం అరుదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్ నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి, ఆ 5 ఏళ్ళు నిండకపోయినా, పనిచేసిన కాలానికి దామాషాగా గ్రాట్యుటీ ఇవ్వాలంటుంది. కానీ కోడ్‌లో ఏముందో తెలుసుకుని అడిగే ఉద్యోగులు ఎంతమంది ఉంటారు? రాష్ట్రీయ సేవా సమితి లాంటి పాత సంస్థలు, అంటే 1981 నుంచి తిరుపతి కేంద్రంగా పనిచేస్తూ పిల్లల సంక్షేమం నుంచి కృషి విజ్ఞాన కేంద్రం దాకా రకరకాల పనులు చేతిలో ఉన్నవి, ఒక ప్రాజెక్టు ముగిస్తే మనిషిని మరో పనిలోకి మార్చుకునే వెసులుబాటు కలిగి ఉంటాయి. ఒకే ప్రాజెక్టు మీద బతికే చిన్న సంస్థకు అది లేదు. 2020లో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణ ఆ చిన్న సంస్థలనే గట్టిగా తాకింది. ఒక సంస్థ తాను తెచ్చుకున్న విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వకూడదు. పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఆస్పత్రిలో డాక్టరు జీతం, బడిలో టీచరు జీతం ఆ లెక్కలోకి రావు. అకౌంటెంటు, మేనేజరు జీతాలు వస్తాయి. ఆఫీసులో ఇద్దరు చేసే పని ఒకరి మీద పడటం, ఆ ఒక్కరు చేయలేనిది రాత్రిపూట ఫీల్డ్ వాళ్ళ మీద పడటం దాని తరువాయి కథ.

‘మీరిచ్చే వంద రూపాయల్లో వందా పేదలకే’ అని దాతకు చెప్పే సంస్థలూ ఉన్నాయి. చెప్పడానికి బాగుంటుంది. ఆ వందను పేదల దాకా మోసుకెళ్ళిన మనిషి బస్సు ఛార్జీ ఎవరిచ్చారన్నది మాత్రం ఆ కరపత్రంలో ఉండదు.

ప్రేమించే పని చేసే కీడు

పనిని ప్రేమించేవాడిని దోచుకోవడం సులువు. ఈ మాట కటువుగా ఉన్నా, దీన్ని బండర్సన్, థాంప్సన్ అనే పరిశోధకులు 2009లో జూ ఉద్యోగుల మీద చేసిన అధ్యయనంలో చూపించారు. జంతువుల సంరక్షణ తమ జన్మకు రాసిపెట్టిన పని అనుకునే ఉద్యోగులు, డిగ్రీలు ఉండి కూడా తక్కువ జీతానికి బోన్లు కడుగుతూ సంతృప్తిగా ఉంటారు. అదే సమయంలో పై అధికారులు తమ ప్రేమను అలుసుగా తీసుకుంటున్నారేమోనన్న అనుమానమూ వాళ్ళకే ఎక్కువ. తిరుపతి జూపార్కులో ఏనుగుకు స్నానం చేయించే మనిషిని కాసేపు నిలబడి చూస్తే అధ్యయనం అక్కర్లేకుండానే మొదటి సగం అర్థమవుతుంది. రెండో సగం మాత్రం సంస్థల లోపల ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు ఐటీ కంపెనీల దాకా అందరూ వాడుతున్న ‘బర్నవుట్’ (పనితో పూర్తిగా అలసిపోవడం) అన్న మాట ప్రచారంలోకి వచ్చింది ఒక ఉచిత వైద్యశాల నుంచే. న్యూయార్క్‌లో అలాంటి చోట పనిచేసిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో దాన్ని వివరించాడు. ఎవరు ముందు అలసి బూడిదవుతున్నారని చూస్తే, బద్ధకస్తులు కాదు, అందరికంటే అంకితభావంతో పనిచేసేవాళ్ళే అని అతను గమనించాడు. కారణం వెతకడం కష్టం కాదు. సంఘం మీటింగు రాత్రి ఏడున్నర తర్వాతే పెట్టాలి, ఆడవాళ్ళు కూలి నుంచి వచ్చి వంట చేసుకున్నాకే కదా కూర్చునేది. మీటింగు ముగిసేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. అలా ఆగిపోయిన మనిషికి మర్నాడు సెలవు ఇచ్చే సంస్థ ఒకటైతే, తొమ్మిదింటికి ఆఫీసులో సంతకం పెట్టమనే సంస్థ ఇంకొకటి. రెండోది తరచూ వాడే మాట ‘మనది ఉద్యోగం కాదమ్మా, సేవ’. జీతం పెంచమన్నప్పుడు సేవ, ఆలస్యంగా వచ్చినప్పుడు ఉద్యోగం. ఈ రెండు నాల్కల మాట విన్న ఉద్యోగి ఆ రోజే వెళ్ళిపోడు. నోరు మూసుకుంటాడు. ఊళ్ళో నిజంగా ఏం జరుగుతోందో చెప్పడం మానేసి, పైవాళ్ళు వినాలనుకునేది రిపోర్టులో రాయడం మొదలుపెడతాడు.

స్వతంత్రంగా నిర్ణయం తీసుకునే వీలు, చేయగలనన్న నమ్మకం, తోటివాళ్ళతో అనుబంధం: మనిషిని లోపలినుంచి నడిపించేవి ఈ మూడేనని మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్‌ల సిద్ధాంతం. వీటిలో మొదటిదానికే మన సంస్థల్లో కరువు. ఏ వీధి అరుగు మీద కూర్చుంటే ఏ వీధివాళ్ళు రారో, ఏ పెద్దమనిషిని ముందు పలకరించకపోతే చెరువు పని ముందుకు సాగదో ఊరు తిరిగే మనిషికి తెలుసు. కానీ పదకొండు గంటలకు పంచాయతీ ఆఫీసులో మీటింగు జరగాలి, యాభై మంది సంతకాలుండాలి, లొకేషన్ పడేలా ఫోటో యాప్‌లో పెట్టాలి అని ప్రాజెక్టు కాగితం ముందే నిర్ణయించేస్తుంది. ఫోటో అడగడం తప్పు కాదు, దాత డబ్బుకు లెక్క కావాలి. కానీ రోజులో సగం పనికీ సగం ఆ పని చేశానని నిరూపించడానికీ పోతుంటే, పనిలోంచి రావలసిన తృప్తి నిరూపణలోనే ఇంకిపోతుంది. పని ఎవరికోసమో వాళ్ళ ముఖం కంటే ఫోన్ తెర ఎక్కువగా కనిపించే ఉద్యోగం, ఆడమ్ గ్రాంట్ ప్రయోగంలో ఐదు నిమిషాల భేటీ సాధించినదాన్ని రోజూ కొంచెం కొంచెం చెరిపేస్తుంటుంది.

2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో పేదరిక నిర్మూలన కోసం వెలుగు ప్రాజెక్టు మొదలైన ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. అప్పటిదాకా స్వచ్ఛంద సంస్థలు చిన్న ఎత్తున చేస్తున్న సంఘాల పనిని ప్రభుత్వమే పెద్ద ఎత్తున చేపట్టింది. పల్లెల్లో సంఘాలు పెట్టి నడిపిన అనుభవానికి ఒక్కసారిగా బజారులో ధర వచ్చింది. ఇలాంటి మార్పు వచ్చిన ప్రతిసారీ సంస్థలు మంచి మనుషులను పోగొట్టుకుంటాయి, వాళ్ళు ఎందుకు వెళ్ళారో అడగవు. ‘బెటర్ ఆపర్చునిటీ’ అని రాజీనామా కాగితంలో ఉన్న మాటనే ఫైల్లో పెట్టేస్తాయి.

ఉద్యోగి వెళ్ళిపోయాక ఊళ్ళకు కొత్త మనిషి వస్తాడు, కొత్త నంబరు ఇస్తాడు. సంఘం ఆడవాళ్ళు మాత్రం నెలల తరబడి పాత నంబరుకే ఫోన్ చేస్తుంటారు. పాపకు హాస్టల్లో సీటు దొరకలేదనీ, బ్యాంకు మేనేజరు కసురుకున్నాడనీ, కూతురి పెళ్ళి ఫలానా రోజు, తప్పకుండా రావాలనీ. ఎత్తిన మనిషి అప్పటికి శ్రీసిటీలో షిఫ్ట్ సూపర్‌వైజరో, తిరుపతిలో ప్రైవేటు ఆస్పత్రి రిసెప్షన్‌లోనో ఉంటుంది. నేనిప్పుడు అక్కడ లేనక్కా అని చెబుతుంది, చెప్పి కూడా బ్యాంకులో ఎవరిని కలవాలో, ఏ కాగితం తీసుకెళ్ళాలో పూసగుచ్చినట్టు వివరిస్తుంది. పెళ్ళికి సెలవు దొరికితే వెళుతుంది.